మంచం మీది మనిషిని అడిగారా?

2020 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సాయంత్రమయ్యేసరికి తెలుగువాళ్ల చూపంతా ఒక కాగితం మీదే ఉండేది. చెన్నై ఎంజీఎం హెల్త్‌కేర్ ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద నాలుగు వాక్యాలు, కింద ఒక డాక్టరు సంతకం. గాయకుడు ఎస్పీ బాలు ఎలా ఉన్నారో ఆ నాలుగు వాక్యాల్లోనే వెతుక్కున్నాం. ఆగస్టు 5న ఆస్పత్రిలో చేరినప్పుడు ఆయనే వీడియోలో కనిపించి మాట్లాడారు. లక్షణాలు స్వల్పమే, కంగారుపడి ఫోన్లు చేయకండి అన్నారు. 13వ తేదీ రాత్రి పరిస్థితి తిరగబడింది. ఐసీయూ, వెంటిలేటరు, ఎక్మో అనే మాటలు అప్పుడే మన ఇళ్లలో వాడుక మాటలయ్యాయి. కొవిడ్ నెగటివ్ వచ్చిందని 24న పుకారు లేస్తే, ఆ మాట నిజం కాదని కొడుకు చరణే చెప్పారు. సెప్టెంబరు 25 మధ్యాహ్నం అంతా అయిపోయింది.

ఆ యాభై రోజుల దుఃఖంలో ఒక్క సంగతి మాత్రం నాకు సవ్యంగా జరిగినట్టు తోస్తుంది. ఆరోగ్యం గురించి మొదట రోగే మాట్లాడారు. ఆయన మాట్లాడలేని స్థితికి వచ్చాక కొడుకు మాట్లాడాడు. ఆస్పత్రి, వాళ్లిద్దరి వెనక నిలబడి, వైద్యం వరకు ఎంత చెప్పాలో అంత చెప్పింది. గేటు బయట కెమెరాలు పెట్టుకున్నవాళ్లు ఎన్ని ప్రశ్నలడిగినా, ఆ వరుస తప్పినట్టు బయటినుంచి చూసిన నాకు కనిపించలేదు.

అదే చెన్నైలో నాలుగేళ్ల ముందు కథ వేరు. 2016 సెప్టెంబరు 22 రాత్రి ముఖ్యమంత్రి జయలలిత అపోలోలో చేరారు. జ్వరం, డీహైడ్రేషన్ అని మొదటి ప్రకటన. డిసెంబరు 5 దాకా, 75 రోజుల పాటు బులెటిన్లయితే వచ్చాయి గానీ నమ్మకం రాలేదు. ఉప ఎన్నికల పార్టీ పత్రాల మీద ఆమె సంతకానికి బదులు వేలిముద్ర కనబడితే, ఏ బులెటిన్ గురించీ మాట్లాడుకోనంతగా జనం దాని గురించి మాట్లాడుకున్నారు. పుకార్లు రాసినవాళ్ల మీద పోలీసు కేసులు పడ్డాయి. ఆ తర్వాత 2017లో ఆమె మరణం మీద విచారణకు ఆర్ముగస్వామి కమిషన్ వేశారు. దాని నివేదిక 2022లో గానీ రాలేదు.

ముఖ్యమంత్రి జబ్బు పేరేమిటో తెలుసుకునే హక్కు నాకుందని అనుకోను. ఫైళ్ల మీద ఎవరు సంతకం పెడుతున్నారో తెలుసుకునే హక్కు మాత్రం ఆ రాష్ట్రంలోని ప్రతి మనిషికీ ఉంది. అక్టోబరు 11న, అప్పుడు తమిళనాడు గవర్నరు బాధ్యతలు చూస్తున్న మన కరీంనగర్ మాజీ ఎంపీ విద్యాసాగర్‌రావు, ఆమె శాఖలను పన్నీర్‌సెల్వానికి అప్పగించారు. ఫైళ్ల సంగతి తేలడానికే దాదాపు మూడు వారాలు పట్టింది. ఆస్పత్రి చెప్పాల్సిన జవాబు వేరు, ప్రభుత్వం చెప్పాల్సిన జవాబు వేరు. ప్రభుత్వం నోరు విప్పకపోతే విలేకరులంతా వెళ్లి ఆస్పత్రి గేటు పట్టుకుంటారు. గేటు దగ్గరి సెక్యూరిటీ మనిషి ఆ ప్రశ్నకు ఏం చెబుతాడు?

పెద్దవాళ్ల సంగతి అలా ఉంచి అసలు చోటికి వస్తాను. నా విలేకరి జీవితంలో ఎక్కువ భాగం కోస్తాలో ఒక జిల్లా కేంద్రంలోని ప్రభుత్వాస్పత్రి చుట్టూ గడిచింది. అక్కడ బులెటిన్లుండవు, పీఆర్‌వో ఉండడు. సూపరింటెండెంటు మీటింగులో ఉంటారు. ఆర్‌ఎంఓను అడిగితే సూపరింటెండెంటును అడగమంటారు. అయినా మాకు వార్తలకు ఏనాడూ లోటు రాలేదు. ఎలా వచ్చేవో చెబితేగానీ గోప్యత ఎక్కడ కారిపోతోందో అర్థం కాదు.

క్యాజువాలిటీకి రోడ్డు ప్రమాదమో, కొట్లాట దెబ్బలో, కాలిన గాయాలో, ఆత్మహత్యాయత్నమో వస్తే డ్యూటీ డాక్టరు దాన్ని ఎంఎల్‌సీగా, అంటే మెడికో లీగల్ కేసుగా రాసి, ఆస్పత్రి ఆవరణలోనే ఉండే పోలీసు అవుట్‌పోస్టుకు కబురు పంపాలి. అవుట్‌పోస్టు కానిస్టేబులు దగ్గర ఒక రిజిస్టరు. అందులో పేరు, వయసు, ఊరు, తండ్రి పేరో భర్త పేరో, ఏం జరిగిందో అన్నీ ఉంటాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కంట్రిబ్యూటర్లమంతా ఆ బల్ల చుట్టూ చేరేవాళ్లం. డాక్టరు ఒక్క ముక్క చెప్పకపోయినా, మర్నాడు జిల్లా పేజీలో అమ్మాయి పేరుతో సహా ఊరూ, భర్తా, వాళ్లిద్దరి మధ్య ఏ మాట మీద గొడవైందో కూడా వచ్చేసేది. ఆ అమ్మాయి బతికి డిశ్చార్జి అయ్యి వెళ్లాల్సింది మళ్లీ ఆ ఊరికే, ఆ వీధికే. పేపరు ఆమెకంటే ముందే అక్కడికి చేరి ఉండేది.

మానసిక చికిత్సలో ఉన్నవాళ్ల ఫొటో గానీ వివరం గానీ వాళ్ల సమ్మతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షనులో స్పష్టంగా ఉంది. ఆత్మహత్యల వార్తల్లో పాటించాల్సిన నియమాలను ప్రెస్ కౌన్సిల్ 2019లో స్వీకరించింది. క్యాజువాలిటీ మంచం మీద నిన్న రాత్రి ప్రాణం మీదికి తెచ్చుకున్న అమ్మాయికి, మానసిక వైద్యశాలలో చేరిన మనిషి కంటే తక్కువ కాపుదల ఎందుకుండాలో నాకు అర్థం కాదు. ఇప్పుడు ఆ రిజిస్టరు కోసం ఎవరూ నడిచి వెళ్లనక్కర్లేదు. వాట్సాప్ గ్రూపులో పేజీ ఫొటోయే వస్తుంది. స్ట్రెచరు మీది మనిషికి సెలైను ఎక్కకముందే అతని మొహం పది గ్రూపులు తిరిగి వస్తుంది. తీసేది ఒక్కోసారి అంబులెన్సు వెంట వచ్చినవాడు, ఒక్కోసారి వార్డుబాయ్, ఒక్కోసారి పక్క మంచం తాలూకు మనిషి. వైద్యుల నియమావళి వీళ్లెవరి చేతినీ ఆపలేదు.

కార్పొరేట్ ఆస్పత్రిలో ప్రత్యేక గది తీసుకున్నవాడికి ఈ బాధ లేదు. గదికి తలుపుంటుంది, ఫ్లోరుకి సెక్యూరిటీ ఉంటాడు, లిఫ్టు దగ్గర పాసు అడుగుతారు. జనరల్ వార్డులో మంచానికీ మంచానికీ మధ్య తెర కూడా ఉండదు. నాకు తెలిసినంతలో మన దేశంలో రోగి గోప్యతను కొలిచేది గది అద్దె. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతూనే ఉంది.

అలాగని విలేకరులను ఆస్పత్రుల్లోకి అడుగుపెట్టనివ్వకూడదనే వాళ్లతో నేను లేను. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వాస్పత్రిలో చికిత్సలో ఉన్న పసికందును ఎలుకలు కొరికాయి. బిడ్డ దక్కలేదు. ఆ వార్త బయటికి రాబట్టే రాష్ట్రమంతా ఉలిక్కిపడింది, విచారణ జరిగింది, ఆస్పత్రుల్లో ఎలుకల సంగతి చూడమని ఆదేశాలు వెళ్లాయి. ఆ వార్డు తలుపు దగ్గర ఎవరైనా రోగి గోప్యత పేరు చెప్పి విలేకరిని వెనక్కి పంపి ఉంటే కాపాడబడేది ఎవరు? ఆ తల్లీ బిడ్డా అయితే కాదు.

మరోవైపు 2019 జూన్ ముజఫర్‌పూర్ ఉంది. మెదడువాపుతో వందమందికి పైగా పిల్లలు పోయిన రోజులవి. వైద్య కళాశాల ఆస్పత్రి ఐసీయూలోకి టీవీ యాంకరు మైకుతో నడిచి వెళ్లి, పిల్లలకు వైద్యం చేస్తున్న డాక్టర్లనూ నర్సులనూ అక్కడే నిలదీయడం దేశమంతా చూసింది. అడగాల్సిన ప్రశ్నలవి కావని అనను. మంచాలు ఎందుకు చాలలేదు, డాక్టర్లు ఎందుకు తక్కువున్నారు అని అడగాల్సిందే. వాటికి జవాబు చెప్పాల్సినవాళ్లు పాట్నాలో, ఢిల్లీలో ఉన్నారు. ఐసీయూలో ఉన్నది ఆ పిల్లలూ, రాత్రంతా నిద్రలేని ఒక జూనియర్ డాక్టరూ. గుంటూరులో చూపించాల్సింది ఆస్పత్రి నిర్వాకం, అది చూపించారు. ముజఫర్‌పూర్‌లో కెమెరా ముందుకు వచ్చింది పిల్లల బాధ. ఈ రెంటికీ మధ్య గీత గీయడం పైకి చూస్తే తేలిక. డెడ్‌లైను మెడ మీద ఉన్నప్పుడు ఆ గీత కనబడాలంటే ముందే అలవాటు చేసుకుని ఉండాలి.

హైదరాబాదు డెస్కుకు మారాక ఇంకో రకం ఆస్పత్రి వార్తలు చూశాను. అరుదైన శస్త్రచికిత్స జరిగిందంటారు. సోమాజిగూడ ప్రెస్‌క్లబ్‌లోనో, ఆస్పత్రి కాన్ఫరెన్సు హాల్లోనో ప్రెస్‌మీట్. మధ్యలో సర్జన్, అటూ ఇటూ అతని టీమ్, పక్క కుర్చీలో రోగి. కడుపులోంచి తీసిన గడ్డ బరువెంతో చెబుతారు, స్కానింగు తెర మీద చూపిస్తారు. రోగిచేత రెండు మాటలు చెప్పిస్తారు. దండం పెడుతూ అతను డాక్టరుగారు దేవుడండీ అంటాడు. ఆ మాట అబద్ధం కాదు, మనస్ఫూర్తిగానే అంటాడు. కానీ ఇంకా కుట్లు విప్పని మనిషి, బిల్లులో కొంత తగ్గిస్తామని మాటిచ్చిన ఆస్పత్రి, మళ్లీ చెకప్‌కు రావాల్సింది ఆ డాక్టరు దగ్గరికే. అతను కాదనగలడా? కాదనగల స్థితిలో లేని మనిషి ఔననడాన్ని సమ్మతి అనడానికి నాకు మనసొప్పదు.

అదే ఆస్పత్రిలో ఇంకో నెలలో ఒక ప్రాణం పోతుంది. బంధువులు రిసెప్షన్ ముందు కూర్చుంటారు, బిల్లు కట్టందే శవాన్ని ఇవ్వమన్నారంటారు. విలేకరి ఫోన్ చేస్తే పీఆర్‌వో గొంతు ఎంతో మర్యాదగా ఉంటుంది: సార్, పేషెంట్ ప్రైవసీ అండి, మేం మాట్లాడకూడదు. ఆపరేషన్ బాగా జరిగినప్పుడు ఆ ప్రైవసీ ఏ అలమారాలో ఉందని నేనొకసారి అడిగాను. ఆ కుర్రాడి దగ్గర జవాబు లేదు. అతన్ని అడగాల్సిన ప్రశ్నా కాదది, అతని పైవాళ్లను అడగాల్సింది.

నేను నమ్మేదల్లా ఈ ఒక్క విషయమే. రోగి రహస్యం రోగి సొత్తు. ఆస్పత్రి దగ్గర అది దాచుకోమని ఇచ్చిన సొమ్ము మాత్రమే. దాచిపెట్టుకున్నవాడు దాన్ని తన ప్రచారానికి ఖర్చు పెట్టకూడదు, తన తప్పు మీద కప్పుకోనూ కూడదు.

మన వైద్యులకు ఈ సంగతి కొత్తదేం కాదు. రోగి ఇంట్లోకి వెళ్లిన వైద్యుడు ఆ ఇంటి సంగతులు బయట చెప్పకూడదని చరక సంహిత విమానస్థానం ఎనిమిదో అధ్యాయంలోనే శిష్యుడికి చెప్పించిన ప్రతిజ్ఞ ఉంది. భారత వైద్య మండలి 2002 నియమావళి కూడా అదే దారిలో నడిచింది. వృత్తిరీత్యా తెలిసిన రోగి రహస్యాన్ని డాక్టరు మూడు సందర్భాల్లోనే బయటపెట్టొచ్చు. కోర్టులో న్యాయమూర్తి ఆదేశిస్తే, ఫలానా మనిషికో సమాజానికో తీవ్రమైన ముప్పు ఉంటే, ప్రభుత్వానికి తెలియజేయాల్సిన అంటువ్యాధి అయితే. విలేకరి ఆ మూడింట్లో ఎక్కడా లేడు. గుర్తు తెలిసేలా రోగి ఫొటోలు, కేసు వివరాలు అనుమతి లేకుండా ప్రచురించకూడదన్న నియమమూ అందులోనే ఉంది. హెచ్‌ఐవీ సోకినవారి కోసం వేరే చట్టమే వచ్చింది, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది.

అదే 2002 నియమావళిలో ఇంకో మాట ఉంది. దాన్ని విలేకరులు తక్కువ మంది గమనించారు. రోగి గానీ అతని తరఫు అధీకృతుడు గానీ అడిగితే వైద్య రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలి. అంటే ఆస్పత్రి గోప్యతన్న ప్రతిసారీ మన దారి మూసుకుపోయినట్టు కాదు. రోగి దగ్గరికో, రోగి ఇంటివాళ్ల దగ్గరికో వెళ్లాలి. కేస్ షీటు తీసుకునే హక్కు వాళ్లకుంది, ఇష్టమైతే మనకు చూపించే హక్కూ వాళ్లకే ఉంది. దొడ్డిదారిన స్టాఫ్ నర్సు చేత ఫొటో తీయించి ఆమె ఉద్యోగం మీదికి తేవడం కంటే ఇది మర్యాదైన దారి, కోర్టులోనూ నిలబడే దారి.

అమెరికా పద్ధతిలో నాకు నచ్చిన భాగం ఒకటుంది. అక్కడి హిపా చట్టం 1996 నాటిది. దాని గోప్యతా నిబంధన ఆస్పత్రులన్నింటికీ 2003 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. ఆస్పత్రిలో చేరేటప్పుడే, వచ్చి అడిగేవాళ్లకు మీరు ఇక్కడున్నారని చెప్పే జాబితాలో పేరు ఉంచమంటారా వద్దా అని అడుగుతారు. వద్దంటే ఆ పేరుగల మనిషి అక్కడున్నాడనే సంగతి కూడా చెప్పరు. ఉంచమంటే, పేరు చెప్పి అడిగిన విలేకరికి పరిస్థితి గురించి ఒక్క మాట చెప్పొచ్చు: బాగుంది, ఫర్వాలేదు, తీవ్రంగా ఉంది, విషమంగా ఉంది. అంతే. జబ్బు పేరుండదు. అందుకే అక్కడ మన పిల్లలు ప్రమాదాల్లో చిక్కుకున్నప్పుడు ఇక్కడి చానళ్లకు ఆస్పత్రి నుంచి ఏమీ దొరకదు. స్నేహితుల నుంచో, తెలుగు సంఘాల వాళ్ల నుంచో, విరాళాల కోసం పెట్టిన పేజీ నుంచో తెచ్చుకుంటారు. అక్కడా ఉల్లంఘనలు లేవని కాదు. సమ్మతి లేకుండా ఒక టీవీ షో వాళ్లను షూటింగుకు రానిచ్చినందుకు న్యూయార్క్‌లోని ఒక పెద్ద ఆస్పత్రి 2016లో 22 లక్షల డాలర్లు కట్టింది. కెమెరాకు చిక్కినవారిలో ఒకరు అప్పుడు చనిపోతున్న మనిషి.

ఈ విషయం గురించి ఆలోచించిన ప్రతిసారీ నాకు 2012 డిసెంబరు గుర్తొస్తుంది. లండన్‌లో రాజకుటుంబం కోడలు గర్భవతిగా ఆస్పత్రిలో ఉంది. ఆస్ట్రేలియా రేడియో వాళ్లిద్దరు రాణిగా, యువరాజుగా గొంతు మార్చి తెల్లవారుజామున ఫోన్ చేశారు. ఆ వేళ రిసెప్షనిస్టు ఎవరూ లేరు. మన దేశంలో పుట్టి పెరిగిన ఒక నర్సు ఫోనెత్తి, నిజమనుకుని వార్డుకు కలిపింది. అక్కడి నర్సు రోగి సంగతులు చెప్పింది. ప్రపంచమంతా విని నవ్వింది. మూడు రోజులకు, ఫోను కలిపిన ఆమె ఇక లేదు. ఆ రేడియో వాళ్లు చేసింది తప్పని అందరూ అన్నారు. తెల్లవారుజామున ఫోనెత్తే మనిషికి ఎవరితో ఏం చెప్పాలో, ఎవరికి కలపాలో, ఎవరిని లేపి అడగాలో ఆస్పత్రులు నేర్పుతున్నాయా అని అడిగినవాళ్లు తక్కువ. మన నర్సింగ్ హోముల్లో రాత్రి డ్యూటీలో కూర్చునే ఆడపిల్లల గురించి నేనెప్పుడూ అనుకుంటాను. ఎమ్మెల్యే పీఏనంటూ ఫోనొస్తుంది, సీఐనంటూ వస్తుంది, ఫలానా చానలంటూ వస్తుంది. పదివేల జీతానికి ఆ పిల్ల అన్నిటికీ ఒక్కతే జవాబు చెప్పుకోవాలి.

ఇంతకీ అడిగితే రోగులంతా మాట్లాడనంటారనుకోవడం పొరపాటు. మా జిల్లా ఆస్పత్రిలోనే, ఆడవాళ్ల సర్జికల్ వార్డులో, జిన్నింగ్ మిల్లు మిషనులో చెయ్యి పడిన ఒకావిడను కలిశాను. నాతో ఫొటోగ్రాఫరు కూడా ఉన్నాడు. ఫలానా పేపరు నుంచి వచ్చామమ్మా, మీ గురించి రాయొచ్చా, వద్దంటే వెళ్లిపోతాం అన్నాను. ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసింది.

"రాయి బాబూ. నా పేరు రాయి, మిల్లు పేరు రాయి. మిషనుకి మూత లేదని గూడా రాయి, మేస్త్రికి నాలుగు మాట్లు చెప్పాం. చెయ్యి మాత్రం ఫొటో తియ్యమాక. అమ్మాయికి సంబంధాలు చూస్తన్నాం."

ఏ కమిటీ అయినా ఇంతకంటే సరిగ్గా చెప్పలేదు. ఏది నలుగురికీ తెలియాలో, ఏది తన ఇంట్లోనే ఉండాలో ఆవిడకు తెలుసు. మొదటిదాన్ని భయం లేకుండా ఇచ్చింది, రెండోదాన్ని ఇవ్వనంది. ఫొటోగ్రాఫరు కెమెరా సంచిలో పెట్టేశాడు. ఆవిడ చెప్పిందంతా రాశాం, వద్దన్నది వదిలేశాం. మేం అడక్కుండా చెయ్యి ఫొటో తీసుకెళ్లి ఉంటే మాకు మొదటి పేజీ దొరికేదేమో. మిషనుకి మూత లేని సంగతి మాత్రం ఆ ఫొటోలో ఉండేది కాదు.

అందుకే ఆస్పత్రుల వాళ్లు కలిసినప్పుడల్లా ఒక్కటే అడుగుతున్నాను. అడ్మిషన్ వేళ పది చోట్ల సంతకాలు పెట్టించుకుంటారు. డిపాజిట్ కాగితం, ఇన్సూరెన్సు కాగితం, ఆపరేషన్ సమ్మతి, దాదాపు అన్నీ ఇంగ్లీషులో. వాటితోపాటు తెలుగులో ఒక అర పేజీ పెట్టండి. పత్రికల వాళ్లడిగితే మీరిక్కడున్నారని చెప్పమంటారా? మీ పరిస్థితి చెప్పమంటారా? ఫొటో తియ్యనిస్తారా? మీరు చెప్పలేని స్థితిలో ఉంటే మీ తరఫున ఎవరిని అడగాలి, వాళ్ల ఫోన్ నంబరేమిటి? ఎప్పుడైనా మనసు మార్చుకోవచ్చని కూడా అందులో రాయండి. ఆ నంబరు రాత్రి డ్యూటీ బల్ల మీద ఉండాలి. అవుట్‌పోస్టు రిజిస్టరు పేజీ విలేకరుల కంటికి కనబడకూడదని సూపరింటెండెంటు, ఎస్పీ కూర్చుని తేల్చుకోవాలి. ప్రెస్‌మీట్లో రోగిని కూర్చోబెట్టాలనుకుంటే డిశ్చార్జి అయ్యి, బిల్లు లెక్క తేలి, ఇంటికెళ్లిన కొన్నాళ్లకు అడగండి. అప్పుడూ సరేనంటే సంతోషమే.

ఒక సూపరింటెండెంటుగారు నా మాట పూర్తిగా విని, వార్డులో సగం మందికి చదవడం రాదండీ, ఈ కాగితం ఏం చేసుకుంటారు అన్నారు. చదివి వినిపించమన్నాను. ఆయన పెన్ను తీసి, అర పేజీలో ఆ నాలుగు ప్రశ్నలూ పడతాయా లేదా అని లెక్క చూడటం మొదలుపెట్టారు.